మూడు రోజుల హాజరు

ఆ పొద్దున నాసిర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రొద్దుటూరులో తాను పనిచేసే చీరల అంగడికి యజమాని నారాయణ కన్నా ముందే చేరాలి. ఆయన కుర్చీలో కూర్చోగానే చేతిలో ఉత్తరం పెట్టి కాళ్ళు పట్టుకోవాలి. అంతే. 

కొండాపురం దగ్గర వరద వచ్చిందని, శిక్షణ తీసుకున్న స్వచ్ఛంద సేవకులంతా రావాలని మూడు రోజుల కింద తెల్లవారుజామున కబురొచ్చింది. వాళ్ళలో ఒకడైన నాసిర్ అంగట్లో ఎవరికీ చెప్పకుండా పరుగెత్తాడు. మొదటి గంటలోనే ఫోన్ నీళ్ళపాలైంది. ముసలివాళ్ళను, పిల్లలను, మేకలను పడవలో దాటించి, మూడోనాడు ఒడ్డెక్కాక గానీ తనకూ ఒక ఉద్యోగం ఉందని గుర్తు రాలేదు. నారాయణ మామూలు మనిషి కాదు. అన్న నిశ్చితార్థానికి ఒక్క పూట చెప్పకుండా పోయిన పనివాడు మహేష్‌ను మర్నాడు అంగడి మెట్లు ఎక్కనివ్వలేదు.

సేవకులను పిలిపించిన ఆఫీసులో ఉత్తరమైతే ఇచ్చారు. ఈయన మూడు రోజులు సేవ చేశాడని ఉంది. "పనిలోంచి తీసేయొద్దని గూడా రాయండి సార్" అని బతిమాలితే గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"నువ్వు నీళ్ళలోకి దిగినావని రాస్తాం గానీ, మీ ఓనరు మనసులోకి మేం యాడ దిగేదప్పా?"

అంగడి మెట్ల దగ్గరే గోవిందమ్మ అడ్డుపడింది. పదేళ్ళుగా అక్కడే చీరలు చూపిస్తున్న మనిషి, ఆ జీతంతోనే ఇల్లు నడుపుతోంది.

"యాడికిరా ఆ కాగితం? లోపల పెట్టుకో. ఓనరు లింగాల ఊరికి పోయి నిన్న రాత్రే వచ్చినాడు. నువ్వు రాలేదని ఆయప్పకు తెల్దు. మూడు దినాలూ రిజిస్టర్లో నీ సంతకం నేనే పెట్టినా. గమ్మున పోయి చీరలు మడుచుకో."

నాసిర్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా కరెంటు స్తంభం మీది నుంచి కేక వినిపించింది.

"బావా! బాగుందా?"

నిచ్చెనెక్కి నవ్వుతున్నది బావమరిది అమీర్ బాషా. జమ్మలమడుగులో ఫ్లెక్సీలు ముద్రిస్తాడు. అతను కడుతున్న ఫ్లెక్సీ ఎనిమిదడుగులుంది. అందులో ఒడ్డున ఎవరో తీసిన ఫోటో, ఒళ్ళంతా బురదతో, భుజాన మేకపిల్లతో నాసిర్. కింద తేదీలతో సహా, 'మూడు రోజులు ఇంటి మొహం చూడక ప్రాణాలకు తెగించిన వీరుడు', ఆ కింద అంగడి పేరు.

"మా అక్క ఫర్జానా ఫోన్లో ఒకటే ఏడుపు బావా, నీ పని పోతాదని. ఊరంతా పొగిడే మనిషిని ఎవురు తీసేస్తారు చెప్పు? పొద్దున్నే వాట్సాప్‌లో గూడా తిప్పేసినా!"

గోవిందమ్మ ముఖం పాలిపోయింది. మూడు రోజులు నీళ్ళలో ఉన్నాడని ఎనిమిదడుగుల ఫ్లెక్సీ చెబుతుంటే, అంగట్లోనే ఉన్నాడని ఆమె పెట్టిన సంతకం చెబుతోంది. ఇప్పుడు పోబోయేది ఒక ఉద్యోగం కాదు, రెండు.

"దించు! దించరా!" అంటూ నాసిర్ ఫ్లెక్సీ కొస పట్టుకుని లాగాడు.

ఆ ఊళ్ళో ఫ్లెక్సీ మీద చెయ్యి వెయ్యడమంటే మాటలు కాదు. టీ అంగడి ముందున్న నలుగురూ గ్లాసులు కిందపెట్టి వచ్చారు.

"ఎవురప్పా నువ్వు? ఎవురు పంపినారు నిన్ను?"

"అది నా ఫోటోనేనప్పా!"

వాళ్ళు ఆ బురద ముఖాన్ని, పౌడరు రాసుకున్న ఈ ముఖాన్ని మార్చి మార్చి చూశారు. "ఆ అయ్య మేకను మోసినాడు. నీకు నిలబడనీకే కాళ్ళు వణుకుతాండాయి" అని, అమీర్ పైనుంచి అరుస్తున్నా వినకుండా కాలరు పట్టుకున్నారు.

అంతలో నారాయణ బండి దిగాడు. జనం దారిచ్చారు. ఆయన ఫ్లెక్సీని పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "వాన్ని వదలండి" అన్నాడు. తర్వాత నాసిర్ వైపు తిరిగి, "లోపలికి రా. గోవిందమ్మను రిజిస్టరు తీసుకొని రమ్మను" అన్నాడు.

గదిలో గోవిందమ్మ రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టింది. నారాయణ వేలు మూడు సంతకాల మీద ఆగింది.

"నీళ్ళలో ఉన్నోనివి ఈడ సంతకం ఎట్ల పెట్టినావు?"

 నాసిర్‌కు ఇంట్లో ఫర్జానా గుర్తొచ్చింది. పక్కనున్న గోవిందమ్మ ఇల్లూ గుర్తొచ్చింది.

"నేనే పెట్టమని అక్కను బలవంతం చేసినా సార్. నన్ను తీసేయండి. ఆయమ్మను ఏమీ అనొద్దు."

"అబద్ధం సార్! వాడు అడగనే లేదు" అంది గోవిందమ్మ ఏడుస్తూ.

నారాయణ రిజిస్టరు దబ్బున మూశాడు. "సంతకాల సంగతి తర్వాత. అంత పెద్ద ఫ్లెక్సీలో నా ఫోటో యాడప్పా?"

ఇద్దరూ నోరు తెరిచారు.

"పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు. పులివెందుల నుంచి మా వియ్యంకుడు గూడా చేసినాడు, పిల్లోన్ని పంపి పుణ్యం కట్టుకున్యావని. ఔ, నేనే పంపినా అని చెప్పుకున్యా. పంపినోని మొగమే లేకుంటే ఎవురు నమ్ముతారు? ఇంక నిన్ను తీసేస్తే నా మానం ఏం గావాల?"

ఆయన మళ్ళీ రిజిస్టరు తెరిచి, మూడు సంతకాల పక్కనా 'అంగడి డ్యూటీ' అని స్వహస్తాలతో రాశాడు. గోవిందమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. నాసిర్‌కు ఏడుపు, నవ్వు కలిసొచ్చాయి.

వారం తిరక్కుండా అదే స్తంభానికి కొత్త ఫ్లెక్సీ లేచింది. అందులో లైఫ్ జాకెట్ తొడుక్కుని, పడవ నిండా నారాయణే నిలబడ్డాడు. నాసిర్ ఉద్యోగం మొత్తం మిగిలింది గానీ, ఫ్లెక్సీలో మాత్రం అతని మోచెయ్యి ఒక్కటే మిగిలింది.