ఖాళీ తెర కేసు

"వదినా! ఈ శతాబ్దంలో మెదడంటూ ఉన్నవాడు ఒక్కడే. వాడిప్పుడు నీ గుమ్మంలో నిలబడ్డాడు!"

మా మరిది. వీధివాళ్లు పెట్టిన పేరు భూతద్దం. అట్టముక్క మీద డిటెక్టివ్ అని తనే రాసుకుని మెడలో వేసుకు తిరుగుతాడు.

నేను తల ఎత్తలేదు. సాయంత్రానికి ఫుట్‌బాల్ జట్టు చొక్కాలన్నిటి మీదా పులిబొమ్మ కుట్టి ఇవ్వాలి. లేదంటే ఇక వాళ్ల పనంతా ఎదురు కొట్టుకి పోతుంది. బొమ్మని కుట్టు మిషన్‌కి పంపే కంప్యూటరేమో నెలరోజులుగా నత్తలా పాకుతోంది. పొద్దున రిపేరు తమ్ముడొచ్చి చూశాడు.

"దీనికి జబ్బేం లేదక్కా, బరువెక్కువైంది. అంతా తుడిచేసి, నీ పనికి కావలసినంత మటుకే ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దాం."

తుడిచేశాక ఏదైనా అవసరం పడితే? నా భయం నాది.

"సరే, ఆ చిన్న సిస్టమ్‌ని ఈ పెన్‌డ్రైవ్‌లోంచి నడుపుతా. లోపల ఏదీ ముట్టుకోను. సాయంత్రం దాకా వాడి, కావాలో వద్దో చెప్పు" అని గుచ్చి వెళ్లాడు. అప్పటినుంచి పులులు చకచకా దూకుతున్నాయి.

భూతద్దం తెర చూసి గుండె పట్టుకున్నాడు.

"దోపిడీ! తెర నిండా ప్రోగ్రాముల బొమ్మలుండేవి. మూడే మిగిలాయి!"

"అది కాదు మరిదీ, పెన్‌డ్రైవ్..."

"సాక్షి అడిగినప్పుడే మాట్లాడాలి! పొద్దున ఎవరొచ్చారు?"

"రిపేరు తమ్ముడు."

"చేతిలో ఏముంది?"

"టిఫిన్ క్యారియర్."

"ఆహా! నా పేకాట అందులో పెట్టుకుని దర్జాగా నడిచిపోయాడన్నమాట!"

ఇంతలో జట్టు కోచ్ వచ్చాడు. భూతద్దం అడ్డం వెళ్లాడు.

"కదలకండి! వేళ్లు చూపించండి!"

"ముందు నా చొక్కాలు చూపించు బాబూ."

ఆఖరి చొక్కా మిషన్ మీదుంది. అప్పుడే భూతద్దానికి బల్ల కింద వైరు కనిపించింది. "నేరస్థుడి జాడ!" అంటూ దూరాడు. తల ఠంగున కొట్టుకుంది. కంప్యూటర్ ఆగింది. పెన్‌డ్రైవ్ ఊడి కింద పడింది. పులి నడుము దగ్గరే నిలిచిపోయింది.

గబగబా మీట నొక్కాను. పాత సిస్టమ్ మూలుగుతూ లేచింది. దాని వెనకే ఒక్కొక్కటీ: పేకాట, వేలిముద్రల తాళం, రహస్య కన్ను, గూఢచారి వేట, మహా గూఢచారి వేట. ఒకదాన్నొకటి 'దొంగ' అంటూ కేకలేసుకుంటూ తెరంతా కమ్మేశాయి. పులి కదల్లేదు.

"ఇవన్నీ ఎవరు పెట్టారమ్మా?" కోచ్ గడియారం చూసుకున్నాడు.

"నేనే!" బల్ల కింద నుంచి గర్జన. "నెల క్రితం! కంప్యూటర్ నెమ్మదించిన కొద్దీ ఇంకోటి పెంచుకుంటూ పోయా, శత్రువు తప్పించుకోకుండా!"

అప్పుడే గుమ్మంలోకొచ్చిన రిపేరు తమ్ముడు పడీ పడీ నవ్వాడు. పెన్‌డ్రైవ్ తిరిగి గుచ్చాడు. కాసేపట్లో పులికి తోక కూడా వచ్చింది. కోచ్ చొక్కాలు పట్టుకుని, వచ్చే పోటీలకీ నాకే ఇస్తానని చెప్పి వెళ్లాడు.

"ఏమంటావక్కా?"

"కుట్టు బొమ్మలు దాచిపెట్టి మిగతాదంతా తుడిచెయ్యి తమ్ముడూ. ఈ చిన్నదే చాలు."

"వదినా!" బల్ల కింద నుంచి మళ్లీ. "పోయిన సొత్తు దొరికింది! ఇక నేరస్థుడొక్కడే దొరకాలి!"

"దొరికాడు మరిదీ. తల జాగ్రత్త, మెల్లిగా బయటికి రా."