బస్టాపులో ఒక్క సాయం

భవ్య ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. నరసరావుపేటలో బస్సెక్కి, బొల్లాపల్లి దాటాక ఒక ఊరి బస్టాపులో దిగాలి. ఎవరూ గమనించడం లేదనుకున్నప్పుడు మనుషులు ఒకరికొకరు సాయం చేసుకుంటారా అన్నది మధ్యాహ్నం దాకా కూర్చుని చూడాలి. ఎమ్మే సైకాలజీలో ఆమె ఇండిపెండెంట్ స్టడీ అదే. సోమవారంలోగా ఇవ్వకపోతే డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది. తెలిసినవాళ్ళు లేని ఊరు కావాలని ఆమే ఏరుకుంది. అక్కడ సర్పంచి ఎన్నికలు దగ్గరపడ్డాయని మాత్రం కనుక్కోలేదు.

బస్టాపు పక్కనే ఉన్న టీకొట్టు హనుమయ్య ఆమె కోసం బెంచీని నీడలోకి జరిపి, టీ గ్లాసు అందించాడు.

"ఎవరి తాలూకమ్మా?"

"ఎవరి తాలూకూ కాదు బాబాయ్. ఊరికే చూస్తన్నా."

"ఏందీ చూసేది?"

"మనుషుల్ని."

అంతకు మించి చెబితే స్టడీ చెడిపోతుందని ఆమె ఊరుకుంది. ఎన్నికల ముందు ఒక కొత్త మనిషి ఊళ్ళో కూర్చుని, జనాన్ని చూస్తూ ఫోన్‌లో ఏదో రాసుకుంటే ఆ ప్రాంతంలో దానికి ఒక్కటే అర్థం. హనుమయ్య కొట్టు వెనక్కి వెళ్ళి అభ్యర్థి కన్నయ్యకు ఫోన్ చేశాడు.

"పార్టీ సర్వే అంట. ఎవరు మంచోళ్ళో రాసుకుంటంది. చొక్కా మార్చుకొని రా."

టీ తాగుతున్నవాళ్ళలో ఒకరు ఈ కబురు అవతలి అభ్యర్థి కోటేశ్వరరావుకు చేరవేశారు.

కాసేపటికి బస్టాపు ఇస్త్రీ చొక్కాలతో నిండిపోయింది. శాంతమ్మ అనే పెద్దావిడ మూటతో వినుకొండ బస్సు కోసం నిలబడి ఉంది. కన్నయ్య ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. కోటేశ్వరరావు వెంటనే వెళ్ళి వెనక్కి దాటించాడు.

"నేనెక్కడికీ దాటన్రా నాయనా. బస్సు ఇటే వస్తది," అంది శాంతమ్మ.

"చానా ఎండగా ఉంది పెద్దమ్మా," అని కన్నయ్య మళ్ళీ అవతలికి నడిపించాడు.

మూట ఒక వర్గం చేతిలో, మనిషి ఇంకో వర్గం చేతిలో ఉండగా బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

భవ్య ఇక ఉండలేక లేచింది. "నేను ఏ పార్టీ మనిషినీ కాదు బాబాయ్. చదువుకుంటన్నా. కాలేజీ పని మీద వచ్చా."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అన్నాడు కోటేశ్వరరావు, మూట కింద పెట్టేస్తూ.

జనం చూస్తుండగానే కరిగిపోయారు. శాంతమ్మ తన మూటతో మిగిలిపోయింది. ఫోన్‌లో రాసుకున్నదంతా భవ్య చెరిపేసింది. అందులో ఒక్కటీ నిజమైన సాయం కాదు. ఏడాది పోయినట్టే అనుకుంటూ కొట్టు వెనక కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటుండగా బైకు చప్పుడైంది.

కన్నయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. అటూ ఇటూ చూశాడు. మూట తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాడు.

"ఎక్కు పెద్దమ్మా. ముందున్న ఊళ్ళో బస్సు అందుకుందాం. చీర చక్రంలో పడకుండా చూసుకో."

ఆమె కుదురుగా కూర్చునేదాకా బండి వంచి పట్టుకున్నాడు. తల ఎత్తేసరికి ఎదురుగా భవ్య కనబడింది. అతని ముఖం మాడిపోయింది.

"ఇది మాత్రం రాయమాకమ్మా. వీళ్ళింట్లో ఓట్లన్నీ కోటేశ్వరరావుయి. మావోళ్ళకి తెలిస్తే పరువు పోద్ది."

పేరు లేకుండా భవ్య అంతా రాసింది. ఒక్క ఉదాహరణ ఏం సరిపోతుందని గైడు అడిగితే, ఎన్నికల ముందు ఆ ఒక్కటి దొరకడమే ఎక్కువని చెప్పి సంతకం చేయించుకుంది.