దొరసాని కుర్చీ

ఆ ఉదయం ఫార్నబీ పెట్టుకున్న పని ఒక్కటే. స్కార్‌వెల్ హాలు అనే పాత బంగళాకు వెళ్లి, తోటవైపు గదిలో, కిటికీ పక్కనుండే భార్య ఇసొబెల్ కుర్చీలో కాసేపు కూర్చుని రావడం. ఆమె పోయి ఆ రోజుకి ఏడాది. తరతరాలుగా ఆ ఇల్లు ఫార్నబీలదే. వారసత్వపు పన్నులు మింగినంత మింగాక, మిగిలిన గోడల్ని పాత భవనాల్ని జనానికి చూపించే ఓ పరిరక్షణ సంఘానికి అప్పగించేసి, ఆయన సముద్రం ఒడ్డున అద్దెగదిలో తలదాచుకుంటున్నాడు.

వాన ముసురు పట్టింది. గుమ్మంలో నిలబడ్డ సంఘం మనిషి మిసెస్ టాప్‌హామ్ ఆయన్ని చూడగానే విరుచుకుపడింది.

"ఇప్పుడా రావడం? కొత్త గైడు మీరేగా? జనం తడిసి ముద్దవుతున్నారు!"

కాదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ ఆడమనిషి పొరపాటును నలుగురిలో ఎత్తిచూపడం ఫార్నబీల ఇంటావంటా లేదు. "క్షమించండి" అన్నాడు. ఆవిడ ఆయన కోటుకు గైడు బిళ్ల గుచ్చేసింది.

అక్కణ్ణుంచి మొహమాటం ఆయన్ని నిలువునా ముంచింది.

"చివరి దొర ఆస్తంతా తాగి తగలేశాడటగా?" అంది ఓ గొడుగావిడ.

"అలా అంటుంటారండీ."

"వాళ్ల తాత పిచ్చోడట?" అన్నాడు ఆవిడ మొగుడు.

"కొంచెం" అన్నాడు ఫార్నబీ. పాపం ఆ తాత పిట్టల గుడ్లు పోగుచేసేవాడు, అంతే. మనవడి మర్యాద పుణ్యమా అని వంశం వంశమంతా పరువు పోగొట్టుకుంది.

తోటవైపు గదిలో, అడ్డుతాడు అవతల, కుర్చీ కనబడింది. వాన నీటికి కళ్లద్దాలు మసకబారి, ఆయనకి దాని ఆకారం తప్ప ఇంకేం తెలియలేదు.

"ఆ దొరసాని మహాతల్లిని ఈ గదిలోనే చలికి వదిలేసి చంపాడటగా మొగుడు?" అంది గొడుగావిడ.

ఇక ఆగలేకపోయాడు. "అబద్ధం! రాత్రింబవళ్లు పక్కనే ఉన్నాను. నేనేనమ్మా ఆ మొగుణ్ణి!" అంటూ తాడు దాటి, కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

జనం చప్పట్లు కొట్టారు. "ఎంత బాగా నటించాడండీ!"

ఆ చప్పుడుకి మిసెస్ టాప్‌హామ్ పరుగెత్తుకొచ్చింది. "లేవండి! ఎవరనుకుంటున్నారు మిమ్మల్ని మీరు? మొన్న వేలంలో పాడి తెచ్చిన కుర్చీ అది!"

"మరి... దొరసాని కుర్చీ?"

"ఆ ఊగులాడేదా? చూడ్డానికి బాగా లేదని అంట్లగదిలో పడేశాం. ముందు ఆ బిళ్ల ఇటివ్వండి."

బిళ్ల ఇచ్చేసి అంట్లగదికి వెళ్లాడు. కుర్చీ మీదున్న కప్పుల బుట్టను కిందపెట్టి కూర్చున్నాడు. చేతులానించే చోట ఇసొబెల్ వేళ్లు చేసిన నునుపు అలాగే ఉంది.

"లేవండి సార్, బుట్ట పెట్టుకోవాలి" అంది కప్పులు కడిగే ఆవిడ.

"క్షమించండి" అన్నాడు ఫార్నబీ, కానీ లేవలేదు.