దావూద్ గారి ఆటగాడు కూర్చున్న ఏడాది

ఆ ఉదయం నాగేందర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఏసీ ఫిల్టర్ కడిగే మిషతో మేనేజర్ గదిలోకి వెళ్లాలి, ఆయన నవ్వుతున్న సమయం చూసి సెలవు కాగితం ముందు పెట్టాలి, సంతకం చేయించుకోవాలి. సౌదీలో, రాస్ తనూరాలోని ఆ మెయింటెనెన్స్ కంపెనీలో మేనేజర్ దావూద్ నవ్వేది పొద్దున్నే, అదీ టీవీలో ఆట ఆడుకునేటప్పుడే. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆ మొహంలో నవ్వు కోసం వెతకడం దండగ.

నాగేందర్‌ది జగిత్యాల పక్క పల్లె. కూతురు పుట్టకముందు వచ్చినవాడు ఇంతవరకూ ఆ పిల్లను ఫోనులో తప్ప చూడలేదు. పిల్లకు మూడో ఏడు నడుస్తోంది, వేములవాడలో పుట్టెంట్రుకలు తీయించాలి. తండ్రి లేకుండా ఆ పని జరగదని భార్య కావ్య తేల్చి చెప్పింది. ఎన్నిసార్లు సెలవు అడిగినా దావూద్ తర్వాత చూద్దామనే అన్నాడు. కావ్య ఏమంటుందోనన్న భయం కంటే, పిల్ల ఎత్తుకునే వయసు దాటిపోతోందన్న బెంగే అతనికి ఎక్కువగా ఉంది.

దావూద్ అమెరికాలో చదువుకుని వచ్చాడు. ఆ టీవీ ఆటలో, తన కాలేజీ జట్టులో తన పేరే పెట్టి ఒక ఆటగాణ్ణి తయారుచేసుకుని, వాణ్ణి పెద్ద స్టార్‌ని చేయాలని ఆయన తాపత్రయం. అమెరికావాళ్ల ఆ ఆట పేరు ఫుట్‌బాల్. నాగేందర్ చూసినంతలో బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తడమే గాని కాలితో తన్నినవాడు కనిపించలేదు. అందరికీ హెల్మెట్లున్నాయి గనక సేఫ్టీ మాత్రం బాగుందనుకున్నాడు.

కడిగిన ఫిల్టర్ బిగించి నాగేందర్ నిచ్చెన దిగుతుండగా దమ్మామ్ నుంచి కంపెనీ యజమాని ఫోన్ చేశాడు. దావూద్ ఆట రిమోట్‌ను నాగేందర్ చేతిలో పెట్టి, పట్టుకోమని సైగ చేసి బయటికి పరుగెత్తాడు. ఊరికే పట్టుకుంటే సరిపోయేది. సరిగ్గా అప్పుడే మెడలో విజిల్ వేసుకున్న కోచ్ తెర మీదికొచ్చి, చేతులు కట్టుకుని, ఇంగ్లీషులో ఏదో అడిగి, జవాబు కోసం నిలబడిపోయాడు. కింద ఎస్, నో అని రెండు డబ్బాలు. గల్ఫ్‌లో ఇన్నేళ్లు పనిచేసినవాడికి ఇందులో ఆలోచించాల్సిందేముంది? పైవాడు అడిగి నిలబడ్డాడంటే ఎస్ అనాలి. నాగేందర్ ఎస్ నొక్కాడు. కోచ్ మళ్లీ అడిగాడు. రెండోసారి అడిగించుకోవడమే తప్పని ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

ఆటగాడు వెళ్లి మైదానం పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. మిగతావాళ్లు ఆడుతున్నారు. వీణ్ణి లేపుదామని నాగేందర్ ఒక మీట నొక్కితే ఒక మ్యాచ్ అయిపోయింది. ఇంకోటి నొక్కితే ఇంకో మ్యాచ్. నొక్కినకొద్దీ మ్యాచ్‌లు దొర్లిపోతున్నాయి గాని వాడు లేవడు. చివరికి టపాకాయలు పేలి సీజనే ముగిసిపోయింది.

ఇంగ్లీషు వచ్చినవాడు కదా అని ఆఫీసు గుమాస్తా కొర్నేలును లాక్కొచ్చాడు. కాకినాడ మనిషి కొర్నేలు తెరంతా చదివి తల గోక్కున్నాడు.

"ఈ ఏడాదంతా ఆడకుండా కూచుంటానని నువ్వు ఒప్పేసుకున్నావయ్యా. కాలేజీలో నాలుగేళ్లే ఆడనిస్తారంట. కూచున్న ఏడాది లెక్కలోకి రాదంట. అంచేత అది మిగిలినట్టేనంట."

"కూసుంటే మిగులుడేందన్నా? మన క్యాంపుల పని లేక కూసున్నోనికి ఎన్నడన్న ఏమన్న మిగిలిందా?"

అదే తనకూ అర్థం కావట్లేదన్నాడు కొర్నేలు. వెనక్కి తిప్పుదామని చూశాడు గాని, ఆట దానంతటదే సేవ్ అయిపోయింది.

ఇద్దరూ బయటికొస్తుంటే ఫోర్‌మన్ ఫయాజ్ ఎదురై, ఆ మొహాలు చూసి ఏమైందని హిందీలో అడిగాడు. దావూద్‌ను ఏడాదిపాటు కూర్చోబెట్టేశారనీ, ఎవరితోనూ అనొద్దనీ కొర్నేలు కంగారులో చెప్పేశాడు. ఆ దావూద్ టీవీలో ఉన్నవాడన్న ముక్క మాత్రం మరిచిపోయాడు. యజమాని ఫోన్ చేసిన సంగతి ఫయాజ్‌కు ముందే తెలుసు. రెండూ కలుపుకుని, యజమాని మేనేజర్‌నే ఏడాది పక్కన పెట్టాడనుకున్నాడు. ఎవరితోనూ అనొద్దన్న మాటతో సహా కబురు టీ వేళకు సైటంతా పాకింది.

మేనేజర్ మారాడంటే, కొత్తవాడి దగ్గర అర్జీలన్నీ మళ్లీ మొదటి నుంచే. వెల్డర్లు, ప్లంబర్లు, డ్రైవర్ లాల్ అహ్మద్, అందరూ నెలల తరబడి మూలపడ్డ కాగితాలు పట్టుకుని దావూద్ గది ముందు వరస కట్టారు. ఉత్త చేతులతో వెళ్తే బాగుండదని ఫయాజ్ ఖర్జూరాల డబ్బా కూడా తెచ్చాడు.

రేపు యజమాని తనిఖీకి వస్తున్నాడన్న బెంగతో, స్టోరు సర్దించుకుని దావూద్ తిరిగొచ్చాడు. ఫయాజ్ ఆయన చెయ్యి పట్టుకుని, ఒక్క ఏడాదే కదా, దేవుడున్నాడు, బాధపడొద్దన్నాడు. దావూద్‌కు ఏమీ అర్థం కాలేదు. లోపలికి తొంగి చూస్తే తెర మీద సీజన్ ముగిసినా తన ఆటగాడు ఇంకా బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. అప్పుడు అర్థమైంది, అదీ తప్పుగా. ఆఫీసు వేళల్లో తను ఆడే ఆట ఈ జనమంతటికీ తెలుసు, రేపు వీళ్లలో ఒక్కడు నోరు విప్పినా తన పని సరి. ఆయన కిక్కురుమనకుండా కూర్చుని, ఇచ్చిన ప్రతి కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టాడు. సంతకం అయినవాడల్లా ఆయనకు ధైర్యం చెప్పి వెళ్లాడు.

వరసలో అందరికంటే వెనక నాగేందర్ ఉన్నాడు. ఎస్ నొక్కింది తనేనని ఒప్పుకున్నాడు. కాగితం ఇవ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దావూద్ దాన్ని లాక్కుని, ఏదో కొట్టేసి, ఏదో రాసి, కొర్నేలు ముందు పడేశాడు. ఈ రోజే ఇతన్ని విమానం ఎక్కించమన్నాడు.

తిరిగి రానివ్వని ఫైనల్ ఎగ్జిటే అనుకున్నాడు నాగేందర్. క్యాంపుకు వెళ్లి పెట్టె సర్దుతూ కావ్యకు ఫోన్ చేశాడు.

"నన్ను పంపిచ్చేస్తున్నరు కావ్యా. మళ్ల రాకుండ."

"ఏం జేసినవ్?"

"ఎస్ అన్న."

కావ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "సరె, నువ్వైతే రా. ఎట్లన్న బతుకుదం," అంది. ఆ మాటకు నాగేందర్‌కు దుఃఖం ఆగలేదు.

అతను కళ్లు తుడుచుకుంటుండగా కొర్నేలు టికెట్టు పట్టుకుని వచ్చాడు.

"ఫైనలని ఎవడు చెప్పాడయ్యా నీకు? మళ్లీ వచ్చేదే. నువ్వు నెలన్నర అడిగితే ఆయన కొట్టేసి మూడు నెల్లు రాశాడు, జీతంతో. రేపు యజమాని వచ్చి ఏదైనా అడిగితే నువ్వు దానికీ ఎస్సే అంటావని ఆయన భయం."

మర్నాడు ఇంటి ముందు ఆటో దిగి నాగేందర్ చేతులు చాస్తే, పిల్ల గుక్కపట్టి ఏడుస్తూ తల్లి వెనక దాక్కుంది. నాన్న ఫోనులో ఉంటాడు, ఈ మనిషెవరని దాని గొడవ. వేములవాడ వెళ్లే రోజు దాకా నాగేందర్ పక్కగదిలో కూర్చుని కూతురితో వీడియో కాల్‌లోనే మాట్లాడాడు.