డెబోరా కుర్చీ గెలిచిన విధము

తూర్పున బంగాళాఖాతము ఎడతెగక ఘోషించుచుండగా, పడమట చెన్నపట్టణమునకు పోవు రైళ్ళు కూతలు వేయుచుండగా, నడుమ రొయ్యల గుంటలును వరిపొలములును పక్కపక్కనే ఒదిగియున్న నెల్లూరు సీమలో, బోగోలు అను ఊర, ఈస్టరు పండుగ వెళ్ళిన మరుసటి ఆదివారపు సాయంకాలమున, వసంతుడు తన చతురంగబలములతో, అనగా రాలుచున్న వేపపూతతోను, అంగడికి దిగిన పచ్చిమామిడికాయలతోను, మధ్యాహ్నపు ఉక్కతోను, ప్రొద్దు వాలగానే వీచు సముద్రపు గాలితోను విడిసియున్న వేళ, ఒక ఇల్లాలు ఒక కుర్చీ కొరకు ఒంటరిగా సలిపిన ఘోరసంగ్రామ మిది. ఓ సముద్రపు గాలీ, కథ ముగియువరకు విందుబల్లమీది తెల్లగుడ్డను పైకెత్తకుము. నిన్నడుగునది ఇంతకన్న వేరేమియు లేదు.

ఆ వీరనారి పేరు డెబోరా. రొయ్యల మేత అమ్ము కృపాదానమునకు భార్య, ఎస్తేరమ్మకు కోడలు, పలాండుఖండనప్రచండ, తింత్రిణీరసవిశారద, బంధుజనక్షుద్బాధానివారిణి. ఆమె ఉల్లిపాయ తరిగిన తీరును, చింతపండు పిసికిన తీరును, వచ్చినవారి కడుపు నింపిన తీరును ఎరిగినవారెవ్వరును ఈ బిరుదులను ఎక్కువనరు. అట్టి డెబోరా, ఆ ఇంట కోడలై అడుగిడిన నాటినుండి, పుట్టినరోజు విందులలో గాని, క్రిస్మసు విందులలో గాని, ఆడబిడ్డ పెండ్లి విందులో గాని, వచ్చినవారితో కలిసి కూర్చుండి తిని యెరుగదు. అందరును తిని, చేతులు కడుగుకొని, వక్కపొడి నోట వేసికొని, "డెబోరా చేతి పులుసే పులుసు" అని పొగడి వెడలిన పిమ్మట, వంటగట్టు ప్రక్కన నిలుచుండి, గిన్నె అడుగున మిగిలిన చల్లని పులుసును అన్నమున కలుపుకొని తినుట ఆమెకు అలవాటు. ఎవ్వరును ఆమెను తినవద్దనలేదు. ఎవ్వరును తినుమనియు అనలేదు. చేపల పులుసు మరునాటికే రుచి తేలునని ఆ సీమ పండితులు వాదింతురు. వాదము నిజమే కావచ్చును. కాని తీర్పు చెప్పుటకు డెబోరాకు మొదటినాటి రుచి ఎట్టిదో తెలియవలె గదా.

ఇట్లుండగా నెల్లూరిలో కృపాదానము స్నేహితుని ఇంట ఒక విందు జరిగెను. ఆ ఇంటి ఇల్లాలు అనూష, బల్లపై అన్నియు అమర్చి, ప్రక్కన పళ్ళెములు పేర్చి, వచ్చినవారిని వడ్డించుకొనుడని చెప్పి, తానును ఒక పళ్ళెము ఒడిలో పెట్టుకొని, వారి నడుమ కూర్చుండి, పొగలు గ్రక్కు అన్నము తినుచు, నవ్వుచు, ఎవరో చెప్పుచున్న ముచ్చటను చివరివరకు వినుచుండెను. గాజుగిన్నెలో తేలియాడు పూవులను చూచి కొందరును, మడిచి నిలబెట్టిన చేతిగుడ్డలను చూచి కొందరును ఆశ్చర్యపడిరి. డెబోరా చూచినది వానిని కాదు. కూర్చుండి తినుచున్న ఇల్లాలిని ఆమె కన్నార్పక చూచెను. గుండెలో ఏదో కలుక్కుమనెను. అది అసూయ, దానిని వేరు పేరుతో పిలువనక్కరలేదు.

తిరిగి వచ్చు దారిలో, కోవూరు దాటకమునుపే, మోటారు సైకిలు వెనుక కూర్చుండి ఆమె భీషణప్రతిజ్ఞ చేసెను.

"ఈస్టరు పొయినాక మనింట్లో కూడా అట్టనే పెడతా. ఎవురికి కావాల్సింది వాళ్ళు పెట్టుకుంటారు. నేను కూచోని తింటా."

"కూచో. ఎవురొద్దన్నారు," అనెను కృపాదానము గేరు మార్చుచు. ఆ మహానుభావుడు తాను దేనికి అనుమతి ఇచ్చెనో ఎరుగడు.

ఆ దినము వచ్చెను. డెబోరా తెల్లగుడ్డ పరచిన బల్లమీద పచ్చిమామిడి ముక్కలు వేసిన వంజరపు చేపల పులుసును సేనానిగా నిలిపి, దానికి కుడివైపున రొయ్యల వేపుడును, ఎడమవైపున కోడికూరను, వెనుక అన్నపు పర్వతమును, అన్నింటికిని చివర నెల్లూరినుండి తెప్పించిన మలై కాజాలను మోహరించెను. గాజుసీసాలో కాగితపు పూల రెమ్మలు పెట్టెను. కుర్చీలను గుంపులు గుంపులుగా, మాటలాడుకొనుటకు వీలుగా, ఎదురెదురుగా వేసెను. కిటికీ ప్రక్కన నీలిరంగు దిండుగల కుర్చీని తనకై నిర్ణయించుకొనెను; దానిమీద ఒక్కమారు కూర్చుండి చూచి, ఎవరైన చూచుచున్నారేమోనని వెంటనే లేచెను.

అత్తగారైన ఎస్తేరమ్మ, పులుసువిద్యలో డెబోరాకు గురువు, మితభాషిణి, తీక్ష్ణదృష్టి, ఈ సన్నాహమంతయు గడపలో నిలుచుండి పరీక్షించెను.

"వడ్డించేదానికి మనిషి లేకపోతే జనం ఎట్ట తింటారు?"

"వాళ్ళ చేతుల్తో వాళ్ళే పెట్టుకుంటారత్తా."

"చూస్తాం గదా," అని ఆ వృద్ధ మూలనున్న తన కుర్చీకి తరలిపోయెను.

సంఘపువారును, బంధువులును, పొరుగింటి చెంచమ్మయు విచ్చేసిరి. వచ్చినవారు వచ్చినట్లే కుర్చీలను ఈడ్చుకొని పోయి, పంకా క్రింద గోడవెంట వరుసగా వేసికొని, బస్సుకై కాచుకొన్నవారివలె కూర్చుండిరి. ఎదురెదురు కుర్చీల వ్యూహము రెప్పపాటులో భగ్నమయ్యెను. నీలిదిండు కుర్చీ మాత్రము, పంకాకు దూరముగా నుండుటచేత, బ్రతికి బయటపడెను. సంఘపెద్ద సమాధానం గారు ప్రార్థన చేసిరి. ఆమెన్ అనుట ముగియగానే డెబోరా ముందునకు వచ్చి, రణభేరి మ్రోగించెను.

"భోజనం ఆడ పెట్టినాము. ఎవురికేం కావాలో వాళ్ళు వచ్చి పెట్టుకొని తినండి."

అందరును బల్లవైపు చూచిరి. పిమ్మట ప్రక్కవారివైపు చూచిరి. ఒక్కరును లేవలేదు.

కారణము స్పష్టమే. ఆ సీమలో విందునకు వచ్చినవాడు, ఎవరైన రెక్కపట్టి లేపి, పళ్ళెము ముందు కూర్చుండబెట్టి, వద్దు వద్దనుచుండగా వడ్డించినచో కడుపార తినును. తనంతట తాను లేచి గరిటె ముట్టినచో తిండికి మొగము వాచినవాడను పేరు పడును. ఆ పేరు మోయుటకు ఆ గదిలో ఏ శూరుడును సిద్ధముగా లేడు. మరుసటి ఈస్టరు వరకైనను వారట్లే కూర్చుండగలరు.

డెబోరా మొదటి బాణమును చెంచమ్మపై సంధించెను. ఇంటిప్రక్కనున్న స్నేహితురాలు, చేపలనిన ప్రాణము. ఆమె లేచినచో సేన లేచును.

"రాక్కా, నువ్వన్నా మొదలుపెట్టు."

"నాకాకలిగా లేదమ్మే. ఇప్పుడే టీ తాగొచ్చినా. ముందు పెద్దాయన్ను కానీమను." చెంచమ్మ కడుపు ఆ మాటను తక్షణమే ఖండించెను గాని, పంకా చప్పుడులో ఎవ్వరును వినలేదు.

రెండవ బాణము పెద్దాయనపైననే పడెను. సమాధానం గారు మామూలు మాట మాటలాడినను వేదికమీదినుండి మాటలాడినట్లే యుండును. ఆయన కండువా సర్దుకొని లేచి నిలిచి, ఉభయపక్షములను కలయజూచి, ఇట్లనిరి:

"అమ్మా డెబోరా, విందునకు పిలువబడినవాడు పిలిచినవారి చేతినుండి పుచ్చుకొనవలెను గాని, తానే పోయి తన పాత్రను నింపుకొనుట యుక్తము కాదు. అట్టివానిని చూచి జనులేమందురు? ఇతడు మనలను చూడవచ్చినవాడు కాడు, అన్నమునకై వచ్చినవాడందురు. మరియు నాకంటె ముందు ఆడవారున్నారు, పిల్లలున్నారు, షుగరువ్యాధి గలవారున్నారు. వారందరును తినిన పిమ్మట, మిగిలినచో, నేనును రవ్వంత రుచి చూచెదను."

ఈ ప్రసంగమునకు గోడవెంట నున్న వారందరును తలలూపిరి. షుగరువ్యాధి గలవారు తమకు తొందరలేదనిరి. డెబోరా చివరి ఆశతో భర్తవైపు తిరిగెను.

"నేనింటోణ్ణి గదా," అనెను కృపాదానము కంఠము తగ్గించి. "వచ్చినోళ్ళు తినకముందు నేనెట్ట తినేది. బాగుంటదా?"

ఆ వేళ పులుసుమీది ఆవిరి పలుచబడుచుండెను. నూనె అంచులకు చేరుచుండెను. డెబోరా ఆ ఆవిరిని చూచుచు నిలుచుండగా, శత్రుపక్షమునుండి అన్నింటికన్న భయంకరమైన ఆయుధము వచ్చెను. అది ప్రేమ.

"నువ్వు పెట్టు డెబోరమ్మా," అనెను చెంచమ్మ. "నీ చేత్తో పెడితేనే మాకు తిన్నట్టుంటది."

అవునమ్మా, అవునని గోడ పొడవున మాట ప్రాకెను. అందులో అబద్ధము లేదు. వారందరును ఆమెను నిజముగా ప్రేమించువారే. అప్పుడు డెబోరా కుడిచేయి, ఇన్నేండ్లుగా ఆమెకు విధేయయై, ఆమె నడుగకయే వడ్డించుటకు అలవాటుపడిన ఆ కుడిచేయి, ఆమెను కాదని శత్రువులతో చేరి, బల్లమీదికి చాచుకొని గరిటెను పట్టుకొనెను. గోడవెంట నడుములన్నియు నిటారుగా నిలిచెను. ఎడమచేయి పళ్ళెము నందుకొనెను. అన్నము పడెను. చేపముక్కను విరుగకుండ లేపి అన్నముప్రక్కన పెట్టెను, దానిమీద పులుసు పోసెను, ఒక మామిడి ముక్కను వెదకి వేసెను. ఇక ఆ పళ్ళెమును పెద్దాయన చేతికి అందించుటయే తరువాయి. అందించినచో రెండవది, రెండవదాని వెనుక మూడవది, ఆ వెనుక మజ్జిగ, ఆ వెనుక మంచినీళ్ళు, చిట్టచివర వంటగట్టు.

ఆమె కన్నులలో నీళ్ళు తిరిగెను. ఉల్లిపాయలు ఎప్పుడో తరిగి ముగించినందున నెపము చెప్పుటకును వీలులేదు.

"పెద్దయ్యా," అనెను డెబోరా. "ఈ ఇంటికొచ్చినప్పట్నించీ మీకందరికీ నేనే పెట్టినా. అది నాకు కష్టమని కాదు. మళ్ళీ పిలుస్తా, మళ్ళీ పెడతా. ఈ ఒక్కపూట మాత్రం మీ అందరితో కూచోని, వేడిగా తిందామనుకున్నా. దానికోసమే ఈ బల్లా, ఈ గుడ్డా, ఈ పూలూ. ఇంకేం లేదు."

ఇట్లు పలికి, గరిటెను గిన్నెలో విడిచి, ఆ పళ్ళెమును తానే తీసికొని, గోడవెంట కూర్చున్న సమస్త బంధుజనము ఎదుటనుండి, ఒక్కొక్క అడుగును వేయుచు, కిటికీ ప్రక్కకు పోయి, నీలిదిండు కుర్చీలో కూర్చుండెను. కూర్చుండి, అతిథులలో ఏ ఒక్కరును మెతుకు ముట్టకమునుపు, ఆ ఇంటి ఇల్లాలు ముద్ద కలిపి నోట పెట్టుకొనెను.

ఇట్టి అకృత్యమును బోగోలు మండలము కనివిని యెరుగదు. కృపాదానము పైకప్పును పరిశీలింపసాగెను. సమాధానం గారు కూర్చుండవలెనో నిలుచుండవలెనో తెలియక నడుమ నిలిచిపోయిరి. డెబోరా నమలుచుండెను. పులుపు మొదట వచ్చెను, పిమ్మట కారము, ఆ పిమ్మట మామిడి వగరు, అన్నింటి వెనుక చేప తీపి.

"బాగుండాది," అనెను ఆమె, ఎవరితోనో కాదు, తనలో తాను. అందరును ఇన్నాళ్ళు మర్యాదకు పొగడుచున్నారని ఆమె నమ్మియుండెను.

అప్పుడు మూలనున్న కుర్చీ కిర్రుమనెను. ఎస్తేరమ్మ లేచుచుండెను. కోడలిమీదికి అత్త దండెత్తుట చూడవచ్చునని కొందరు కొంచెము ముందుకు వంగిరి. ఆ వృద్ధ తెల్లచీర కుచ్చెళ్ళు సర్దుకొని, మెల్లగా బల్లయొద్దకు పోయి, తానే ఒక పళ్ళెము తీసికొని, తానే అన్నము పెట్టుకొని, తానే పులుసు పోసికొని, ఇంకొక కుర్చీని కాలితో జరిపి, కోడలి ప్రక్కన కూర్చుండెను. డెబోరా కోడలై రాకమునుపు, ఆ వంటగట్టు ప్రక్కన అన్నేండ్లు నిలుచుండి తినినది ఆమెయే.

"ఏంది చూస్తా ఉండారు?" అనెను ఎస్తేరమ్మ ముద్ద కలుపుచు. "మీ ఇండ్లల్లో మీరు పెట్టుకొని తినరా? లెయ్యండి, చల్లారిపోతది."

ఇక ఎవరి మర్యాదకును భంగము లేదు. ఇంటి పెద్దయే దారి చూపెను. ఆకలి లేని చెంచమ్మ అందరికన్న ముందు పళ్ళెము పట్టెను. పిల్లలకై ఆగెదనన్న పెద్దాయన పిల్లల తలలమీదుగా చేయి చాచి వేపుడు పెట్టుకొనిరి. షుగరువ్యాధి గలవారు కాజాలవైపు ప్రక్కదారిన పోయిరి. రవంతసేపటికే అన్నపు పర్వతము నేలమట్టమాయెను.

"డెబోరా, అన్నం అయిపొయినట్టుందే," అని ఎవరో పిలిచిరి.

ఆ పిలుపు వినగానే ఆమె మోకాళ్ళు వాటంతట అవే నిటారు కాబోయెను. నీలిదిండుపై బరువు సగము తగ్గెను. యుద్ధమంతయు ఆ క్షణముపై నిలిచెను. ఎస్తేరమ్మ ఎడమచేయి వచ్చి కోడలి మోకాలిమీద పడెను.

"కూచో," అని కోడలితోను, "ఒరే కృపా, పొయ్యి అన్నం తే," అని కొడుకుతోను ఆ రాజమాత ఆజ్ఞాపించెను.

కృపాదానము, ఉప్పుటేరులను దాటినవాడు, తుపానులో మేత బస్తాలను మోసినవాడు, తన సొంత వంటగదిలో అపరిచితునివలె ప్రవేశించెను. లోపల మూతలు పడిన చప్పుడు వినబడెను. పిమ్మట దీనస్వరము: "ఏడ పెట్టినావు?"

"పొయ్యి పక్కన, గుడ్డ కప్పి ఉంటది," అనెను డెబోరా. చెప్పెనే గాని లేవలేదు.

అతడు గిన్నెతో వెలువడెను. వెలువడి, ఆ సీమ రక్తము ఊరకుండునా, గిన్నెను బల్లమీద పెట్టుట మరచి, మొదట కనబడిన పళ్ళెమువైపు వంగెను. అది అతని భార్యది.

"ఇంకొంచెం పెట్టుకో."

"వద్దు. చాలు," అనుచు డెబోరా పళ్ళెముపై అరచేయి అడ్డుపెట్టెను. అందరి పళ్ళెములమీద అందరును అడ్డుపెట్టగా చూచినదే గాని, ఆ విద్యను ప్రయోగించు అవకాశము ఆమెకు ఇంతవరకు రాలేదు. కృపాదానము ఆగలేదు. వ్రేళ్ళ సందులనుండి వేడి అన్నము జారి పళ్ళెమున పడెను. చేయి కాలెను. డెబోరా నవ్వెను, కన్నులు తుడుచుకొనెను, మరల నవ్వెను.

ఓ బోగోలు వాసులారా, ఉత్తరమున కావలి వరకును, దక్షిణమున పెన్న వరకును చాటుడు: ఆ సాయంకాలపు మహాసమరమున డెబోరా గెలిచిన రాజ్యము ఒక కుర్చీ మేర. చేయి కడుగుకొనువరకు దానిని ఆమె విడువలేదు.