రెండు బొప్పాయిల విచారణ

ఆ ఆదివారానికి బీమా ఉద్యోగి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరు నెలలు నిండిన తన కూతురి చేత మధ్యాహ్నంలోగా చెంచాతో నాలుగు ముద్దలు మింగించాలి. అంతకు మించి ఆ రోజు నుంచి అతను ఏమీ ఆశించలేదు.

వారం రోజులుగా పాప చెంచాతో యుద్ధం చేస్తోంది. జావ పెడితే ఊసింది. అరటిపండు పెడితే నాలుకతో బయటికి నెట్టింది. ఆపిల్ గుజ్జును కాసేపు బుగ్గన ఉంచుకొని, తండ్రి నమ్మకం కుదిరి దగ్గరికి వంగాక అతని చొక్కా మీదికి తుమ్మింది. పాలసీసాను పెదవుల దాకా కూడా రానివ్వలేదు. తల్లి పాలు తప్ప ఈ ప్రపంచంలో తినదగినదేదీ లేదన్న నిర్ణయానికి ఆమె వచ్చినట్టుంది.

తల్లి ఇంజనీరు. ఏటి మీద కడుతున్న వంతెన పని ఆమె చేతిలో ఉండేది. మర్నాడు, సోమవారం, ఆ వంతెన నడిమి దూలాన్ని ఎత్తి నిలబెడుతున్నారు. ఆమె రాలేకపోతే ఆ స్థానంలో మరొకరిని పెట్టుకుంటామని పై అధికారి చాలా మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పాడు కనుకనే ఆమెకు భయం వేసింది. పాపను చూసుకోవడానికి భర్త నెల రోజులు సెలవు పెట్టాడు. పాప నోరు తెరవడం ఒక్కటే మిగిలింది.

"ఇవాళ తినకపోతే నేను రేపు వెళ్లను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాన్ని పస్తుంచలేను కదా," అంది ఇంజనీరు.

"తింటుంది. బొప్పాయి మెత్తగా ఉంటుంది, తియ్యగా ఉంటుంది. తినక ఏం చేస్తుంది?" అన్నాడు భర్త.

ఈ మాటనే అతను ముందురోజు ఫోనులో తన తండ్రితోనూ, మామగారితోనూ విడివిడిగా అన్నాడు. ఆదివారం జరిగిన తప్పులన్నింటికీ అదే మొదలు.

అతని తండ్రి విత్తన పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. జన్యువులు మార్చిన పంటల గురించి ఎవరైనా తేలికగా మాట్లాడితే ఆయన ముందు కళ్లజోడు తీస్తాడు, తర్వాత మర్యాద తీస్తాడు. మామగారు వృత్తి మానుకున్న వకీలు. పెరటి నిండా సేంద్రియ పద్ధతిలో కూరలూ పండ్లూ పెంచుతూ, వెల్లుల్లి కషాయం తప్ప మరో మందు తన గుమ్మం తొక్కదని గర్వపడతాడు. ఈ వియ్యంకులిద్దరూ ఒకే క్షణాన, ఒకే గుమ్మం ముందు, చెరొక బొప్పాయిని చంటిబిడ్డలా ఎత్తుకొని నిలబడ్డారు. శాస్త్రవేత్త వెనక ఆయన భార్య, అంటే పాప నాయనమ్మ, జరగబోయేది ముందే తెలిసిన ముఖంతో నిలబడింది.

"ఏంటి బావగారూ, మీ పండుకి ఆ ఉంగరాలు?" అన్నాడు శాస్త్రవేత్త లోపలికి అడుగు పెట్టకుండానే.

"పుట్టుమచ్చలండీ. సహజంగా పండిన పండుకి ఉండవా ఏంటి?"

"అది ఉంగరపు మచ్చల తెగులు. వైరస్."

"మీది మాత్రం మరీ నిగనిగలాడుతోంది. ఇంత అందంగా ఉందంటే ఏదో దాస్తోందనే అర్థం. అది ఆ జన్యుమార్పిడి పండేనా?"

"పరిశోధన కేంద్రంలో నా శిష్యుణ్ని బతిమాలి తెచ్చాను. ఆ తెగులు సోకకుండా ఇందులో ఆ వైరస్ జన్యువు ముక్క ఒకటి చేర్చారు."

వకీలు పండును చంక మార్చుకొని, కూతురి వైపు చేయి ఎత్తాడు. "విన్నావా అమ్మా? మీ మామగారు నా మనవరాలి నోట్లో వైరస్ ముక్క పెడతారట!"

"ముక్కే కదండీ! మీ పండులో వైరస్ మొత్తం ఉంది!"

"మా వైరస్ దానంతట అది వచ్చింది. ఎవరో పిలిస్తే రాలేదు!"

నిజానికి ముక్కయినా, మొత్తమైనా ఆ వైరస్ వల్ల పాపకు ఏ హానీ లేదు. అది బొప్పాయిని పట్టుకుంటుందే గాని మనుషులను పట్టుకోదు. ఈ సంగతి శాస్త్రవేత్తకు బాగా తెలుసు. అయితే ఆ మాట చెబితే తన పండుతో పాటు వియ్యంకుడి పండు కూడా నిర్దోషిగా బయటపడుతుంది. అందుకని ఊరుకున్నాడు.

ఇంజనీరు పాపను భుజాన వేసుకొని భర్త వైపు చూసింది. ఆ చూపులో వంతెన ఉంది, దూలం ఉంది, పై అధికారి మర్యాద ఉంది. "ఏదో ఒకటి కొయ్యండి," అంది. "దానికి ఆకలేసే వేళవుతోంది."

ఏదో ఒకటి అంటే ఏది? బీమా కంపెనీలో భర్త పని తగాదాలు తీర్చడం. విరిగిన బంపర్ల విషయంలో ఇరుపక్షాలనూ ఒప్పించి ఇంటికి పంపించిన అనుభవం అతనికి చాలా ఉంది. ఆ అనుభవమే కొంప ముంచింది.

"రెండూ కోద్దాం," అన్నాడు. "ఏది ఎవరిదో చెప్పకుండా పాప ముందు పెడదాం. దానికి ఏది నచ్చితే అది. ఇద్దరికీ సమ్మతమేనా?"

పదవీ విరమణ చేశాక శాస్త్రవేత్త ముఖం ఇంతగా వెలగడం భార్య చూడలేదు. "సమ్మతమే. కానీ ఒరేయ్, పరీక్ష అన్నాక పరీక్షలాగే జరగాలి."

"విచారణ అన్నాక విచారణలాగే జరగాలి," అన్నాడు వకీలు, వెనకబడటం ఇష్టం లేక.

అక్కడి నుంచి ఆదివారం చేజారిపోయింది. గిన్నెలు ఒకే రకంగా ఉండాలన్నాడు శాస్త్రవేత్త. ఇంట్లో ఉన్నవి ఒక్కొక్కటి ఒక్కో సైజువి. పక్క ఫ్లాటువాళ్లను అడిగి తెచ్చారు. గుజ్జు సమానంగా తూచాలన్నాడు. ఆయన సంచీలోంచి చిన్న త్రాసు బయటికొచ్చింది. మనవరాలిని చూడటానికి వచ్చిన మనిషి సంచీలో త్రాసు ఎందుకుందని ఎవరూ అడగలేదు. పండు కోసేది, గిన్నెల్లో పెట్టేది నాయనమ్మ ఒక్కర్తే ఉండాలనీ, వంటింట్లోకి మరెవరూ అడుగు పెట్టరాదనీ తీర్మానమైంది.

"ఆవిడ మీ భార్య. పక్షపాతం ఉండదని హామీ ఏంటి?" అని వకీలు అభ్యంతరం లేవదీశాడు.

నాయనమ్మ కత్తిపీట మీద చేయి వేసి ఆయన వైపు చూసింది. "అన్నయ్యగారూ, ముప్పై ఏళ్లుగా ఈయన తెచ్చిన కూరగాయలు వండుతున్నాను. ఈయన పక్షం వహించేదాన్నిలా కనబడుతున్నానా?"

వకీలు అభ్యంతరాన్ని ఉపసంహరించుకున్నాడు.

తర్వాత శాస్త్రవేత్తకు మూడో గిన్నె కావాలనిపించింది. ఒకటి మార్చిన పండు, ఒకటి సేంద్రియం. పోల్చి చూడటానికి మామూలు పండు లేకపోతే ఫలితానికి విలువేముంది? చెప్పులు వేసుకొని కొడుకు బజారుకు పరుగెత్తాడు.

"ఎలాంటిది కావాలండీ?" అన్నాడు పండ్లవాడు.

"ఏ విశేషమూ లేనిది."

పండ్లవాడు నొచ్చుకున్నాడు. "మా దగ్గర అలాంటివి ఉండవండీ," అన్నాడు. నాలుగు కొట్లు తిరిగాక గాని తన సరుకులో గొప్పేమీ లేదని ఒప్పుకునే వర్తకుడు అతనికి దొరకలేదు.

అతను తిరిగి వచ్చేసరికి పాప ఏడుస్తోంది. తల్లి పాలివ్వబోయింది.

"అమ్మా, ఒక్క పావుగంట," అన్నాడు శాస్త్రవేత్త బతిమాలుతూ. "కడుపు నిండితే ఫలితం చెడుతుంది."

"మామయ్యగారూ," అంది ఇంజనీరు, చాలా నెమ్మదిగా. "ఇది మీ మనవరాలు. ఎలుక కాదు." పాలిచ్చింది. పాప తాగి నిద్రపోయింది. సాక్షి నిద్రలేచేదాకా విచారణ వాయిదా పడింది. గిన్నెలు మూతల కింద ఎదురుచూశాయి. వంటిల్లు మూసి ఉంది గనుక భోజనం సంగతి ఎవరూ ఎత్తలేదు. తాతలిద్దరూ ఆకలితో హాల్లో ఎదురెదురుగా కూర్చుని, భూసారం గురించి గొంతులు తగ్గించి పోట్లాడుకున్నారు.

పాప లేచాక ఏర్పాట్లు మళ్లీ మొదలయ్యాయి. తల్లి ముఖం చూస్తే సాక్షి ప్రభావితమవుతుందని వకీలు ఆమెను బాల్కనీలోకి పంపించాడు. తాతల ముఖాలు చూసినా అంతేనని శాస్త్రవేత్త హాలుకు అడ్డంగా దుప్పటి కట్టించాడు. దాని వెనక ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఒక గుజ్జు ఎరుపు, ఒకటి పసుపు, మరొకటి నారింజ. రంగు చూసి తినిపించేవాడు గుర్తుపట్టే ప్రమాదం ఉందని, బీమా ఉద్యోగి కళ్లకు చేతిరుమాలు కట్టారు.

కళ్లు కనబడని తండ్రి, నోరు తెరవని కూతురు. మొదటి చెంచా పాప చెవిలోకి వెళ్లింది. రెండోది కనుబొమ మీద ఆగింది. పాపకు ఇది చాలా నచ్చి కిలకిలా నవ్వింది.

"నవ్వింది! ఏ గిన్నె?" దుప్పటి వెనక నుంచి వకీలు.

"మాట్లాడకండి, ఫలితం పాడవుతుంది!" శాస్త్రవేత్త.

మూడో చెంచా నోటికి తగిలింది. పాప నవ్వు ఆపి, చెంచాను చేత్తో కొట్టింది. చప్పుడుకు ఇద్దరు తాతలూ ఒకేసారి తల బయటపెట్టారు. దుప్పటి ఊడిపడింది. శాస్త్రవేత్త దుప్పటిలో, వకీలు శాస్త్రవేత్త మీద, మూడు గిన్నెల బొప్పాయీ నేల మీద. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"చూశారా, మీ పండు తగలగానే ఏడ్చింది!" అన్నాడు వకీలు కింద నుంచి లేస్తూ.

"నవ్వినప్పుడు ఏ గిన్నె అని అడిగారు, ఏడ్చేసరికి నాదయ్యిందా?"

"చెల్లెమ్మనే అడుగుదాం. చెల్లెమ్మా, ఏ గిన్నెలో ఎవరిది పెట్టావు?"

నాయనమ్మ వంటింటి గుమ్మంలోంచి హాలును ఒకసారి కలయజూసింది. సోఫా మీద, గోడ మీద, కొడుకు చెవి మీద బొప్పాయి. "చెప్పను," అంది.

"చెప్పవా? ఎందుకు?"

"చెబితే ఓడినాయన రేపు ఇంకో పండు పట్టుకొస్తారు."

బాల్కనీ తలుపు తెరుచుకుంది. ఇంజనీరు ఎవరితోనూ ఏమీ అనకుండా పాపను ఎత్తుకొని వంటింట్లోకి నడిచింది. పై అధికారికి ఫోను చేయడానికి ఇక అరగంట కన్నా ఆగలేననీ, రాలేనని చెప్పక తప్పదనీ ఆమె అప్పటికే నిశ్చయించుకుంది. పొద్దున్నుంచి ఆమె నోట్లో మెతుకు పడలేదు. గిన్నెలకు కాపలా ఉంటూనే నాయనమ్మ పొయ్యి మీద గుట్టుగా నాలుగు బంగాళాదుంపలు ఉడికించి పెట్టింది. ఉప్పు వేయడానికి కూడా ఓపిక లేక, ఇంజనీరు నేల మీద చతికిలబడి దుంపను చేత్తో చిదిమి తినసాగింది. ఒడిలో పాప వెక్కుతూ ఆమె నోటి వైపే చూస్తోంది.

రెండో ముద్ద పైకి వెళ్తుండగా పాప చేయి చాచింది. తల్లి వేళ్లను పట్టుకొని, తన నోటి దగ్గరికి లాక్కుని, ముద్దను కాస్త నాకింది. తర్వాత మింగింది. తర్వాత మళ్లీ చేయి చాచింది.

భర్త గుమ్మంలోకి వచ్చి ఏదో అనబోయాడు. నాయనమ్మ పెదవులపై వేలు పెట్టింది. మూడో ముద్ద, నాలుగో ముద్ద. ఎవరూ ఆహా అనలేదు, చప్పట్లు కొట్టలేదు. తనను ఎవరూ పట్టించుకోవడం లేదన్న భరోసాతో పాప అయిదో ముద్దకు నోరు బార్లా తెరిచింది. ఇంజనీరు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోనును కాలితో దూరంగా జరిపేసింది.

"అదేం దుంప?" భర్త భుజం మీదుగా వకీలు తల.

"ఏ విత్తనం?" మరో భుజం మీదుగా శాస్త్రవేత్త తల.

"దుంప," అంది ఇంజనీరు.

"ఎక్కడ కొన్నారు? దాని మీద ఎన్ని మందులు కొట్టారో ఏమో!"

"మందు సంగతి తర్వాత బావగారూ. పచ్చబారిన దుంపయితే? అందులో విషం సహజంగానే ఉంటుంది."

వకీలు ఉలిక్కిపడ్డాడు. "సహజంగానా?"

"పూర్తిగా సహజంగా."

"అయితే చూడాల్సిందే. తొక్కలు ఏవీ?"

పొద్దున్నుంచి ఒక్క మాట మీద నిలవని ఇద్దరూ చెత్తబుట్ట మీదికి భుజం భుజం ఆనించి వంగారు. ఒకాయన తొక్క పట్టుకుంటే మరొకాయన వెలుతురుకు తిప్పాడు. పచ్చదనం కనబడలేదు. అది వాళ్లను మరింత కలవరపెట్టింది. ఎవరూ పరీక్షించని దుంప, ఎవరి తోటదో తెలియని దుంప, తమ మనవరాలి కడుపులోకి వెళ్లిపోయింది. ఇంట్లో అందరూ చూస్తూ ఊరుకున్నారు.

"ఈ ఇంట్లో తిండికి ఒక పద్ధతీ పాడూ లేదు బావగారూ," అన్నాడు శాస్త్రవేత్త.

"ఇన్నాళ్లకు సరైన మాటన్నారు బావగారూ," అన్నాడు వకీలు. "రేపటి నుంచి ఇద్దరం కలిసే వద్దాం. పొయ్యి మీదికి ఏది ఎక్కినా ముందు మన కంటపడాలి."

"మీరు సాగు చూడండి. నేను విత్తనం చూస్తాను."

"త్రాసు మాత్రం మర్చిపోకండి."

ఇంజనీరు పాప మూతి తుడిచి లేచింది. ఆ రోజు మొదటిసారిగా ఆమె ముఖం తేటపడింది. "తప్పకుండా రండి నాన్నా. మామయ్యగారూ, మీరూ రండి. నేను పొద్దున్నే వంతెన దగ్గరికి వెళ్లిపోతాను గానీ, సాయంత్రం దాకా మీ అబ్బాయి ఇంట్లోనే ఉంటారు. నెల రోజులూ."

బీమా ఉద్యోగి చెవిలోంచి బొప్పాయి తీసుకుంటూ, వంతెన పనికి మనుషులేమైనా తక్కువ పడుతున్నారా అని భార్యను అడిగాడు.