అత్త పక్కన గారు

ప్రజలను చైతన్యవంతులను చేయు నిమిత్తం ప్రభుత్వంవారు మంజూరు చేసిన రేడియో, నెల్లిమర్ల దాపున ఒక ఊరి పంచాయతీ అరుగెక్కింది. వ్యవసాయ ప్రసంగాలు వస్తున్నంతసేపూ రైతులు చుట్టలు కాల్చుకున్నారు. నాటకం మొదలయ్యేసరికి ఊరంతా చైతన్యమైపోయింది.

నాటకంలో అత్తగారు కోడల్ని రాచి రంపాన పెట్టేది. కోడలు శుద్ధమైన భాషలో ఏడ్చేది. ఆడవాళ్లు కొంగులు తడుపుకుని, విందు తిన్నంత తృప్తిగా ఇళ్లకు పోయేవారు. పోతూపోతూ తవిటమ్మ ఇంటివైపు చూసి పెదవి విరిచేవారు.

ఆ ఇంటి లోపం అలాంటిది. కోడలు కూర్మమ్మ తవిటమ్మకు అన్న కూతురు. మాటలు వచ్చినప్పటినుంచీ "అత్తా" అనే పిలిచింది. పెళ్లయ్యాక ఆ పిలుపు మార్చాలని ఇద్దరికీ తోచలేదు. ఒకే గిన్నెలో చోడంబలి తాగుతూ ఊరి కబుర్లకు పగలబడి నవ్వుకునేవారు. అత్తాకోడళ్లు అలా బాహాటంగా నవ్వుకుంటూంటే ఏ ఊరు మాత్రం ఎంతకాలమని ఓర్చుకుంటుంది?

"లోపల ఏటో ఉన్నాది," అంది పొరుగింటి లక్ష్మణమ్మ. "రేడియోలో అంత సదువుకున్నోళ్లే కొట్టుకుంటన్నారు. ఈళ్లకేటొచ్చింది?"

ఆ మాట నూతి దగ్గర మొదలై కళ్లాల దాకా పాకేసరికి, తవిటమ్మ కోడలికి వశీకరణ మందు పెట్టిందని తేలింది. ఇది అన్న చెవిన పడితే పిల్లను తీసుకుపోతాడని తవిటమ్మకు గుండె జారింది.

"ఒసే కూర్మీ, ఓపాలి దెబ్బలాడీసుకుందుమే. ఈళ్ల నోళ్లు మూతపడతాయి."

"నువ్వు నాకేటి సేసావని దెబ్బలాడ్డం?"

"నన్ను గారు ఎట్టి పిలు. సగం దెబ్బలాట దాంతోనే అయిపోతాది."

మర్నాడు వీధరుగు మీద కార్యక్రమం జరిగింది. "అత్తగారూ, మీ హృదయం పాషాణమా?" అని కూర్మమ్మ అడిగింది. పాషాణమంటే ఏమిటో తెలియకపోయినా తవిటమ్మ గుండె బాదుకుంది. ఊరు శాంతించింది. లోపలికి వచ్చాక ఇద్దరికీ నవ్వాపుకోలేక అంబలి పొలమారింది.

అయితే మరుసటి వారం జనం చాపలు తెచ్చుకుని ఆ వాకిట్లో కూర్చున్నారు. మందు మాట మళ్లీ లేస్తుందన్న భయంతో తవిటమ్మ గుండె బాదుకుంటూనే ఉంది. ఈలోగా రేడియో గొంతు పోయింది. బాగుచేయించమని అడిగిన నాథుడు లేడు. ప్రెసిడెంటు నరసింగరావుగారు తవిటమ్మ వాకిట్లోనే సభ తీర్చి ఇలా సెలవిచ్చారు: "ఢిల్లీలో మాటలతోపాటు మనుషులు కూడా కనిపించే పెట్టె ఒకటి వచ్చిందని వినికిడి. ఈ విషయంలో మన పంచాయతీ ఢిల్లీకి ఏమాత్రం తీసిపోలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను."

ఊరు అత్త పక్షమనీ, కోడలి పక్షమనీ రెండుగా చీలి అభివృద్ధి చెందింది. కోడలి పక్షంవారు నూతి దగ్గర కూర్మమ్మ కడవ తామే నింపిపెట్టి, "ఎన్ని పడతన్నావే తల్లీ," అని కళ్లొత్తుకునేవారు. మొదట్లో ఆమె నవ్వేది. తర్వాత మానేసింది. తాను పడని కష్టానికి ఇంతమంది ఏడుస్తున్నారంటే, ఎప్పుడో పడే ఉంటానని ఆమెకూ అనుమానం వచ్చింది.

ఒక సాయంత్రం ఆట ముగించి తలుపు వేసుకున్నాక తవిటమ్మ గిన్నె ముందు పెట్టుకుని, "రాయే, తాగుదుం," అంది.

కూర్మమ్మ వేరే గిన్నె తీసుకుంది. "మీరు తాగండి, అత్తగారూ," అంది మెల్లగా.

తవిటమ్మ నవ్వబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయింది.

తలుపవతల చాపలు ఇంకా లేవలేదు. "కొంచెం గట్టిగా అనమ్మా," అన్నారెవరో. "మాకు ఇనబడ్డం లేదు."